బూడిద చెరువు కూడా చూడాలి

సైన్స్ ఎగ్జిబిషన్‌లో థర్మల్ పవర్ ప్లాంటు మోడల్ చూడనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. ఒక థర్మోకోల్ షీటు. దాని మీద నల్లరంగు పూసిన గులకరాళ్లు, అవే బొగ్గు. ఒక పౌడరు డబ్బా, అదే బాయిలరు. చార్టు చుట్టి నిలబెట్టిన చిమ్నీ, దాని మూతికి దూదితో పొగ. చివర్లో బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ. స్విచ్ నొక్కగానే బల్బు వెలుగుతుంది, జడ్జిగా వచ్చినవారు తల ఊపుతారు, వివరించే పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. నేను ఇప్పటిదాకా చదివిన స్కూళ్లన్నిటిలోనూ ఈ మోడల్ చూశాను. ఒకచోట హిందీలో వివరించారు, ఒకచోట ఇంగ్లీషులో. మోడల్ మాత్రం ఒక్కటే, అది ఆగేది కూడా ఒక్కచోటే, బల్బు దగ్గర.

బొగ్గు కాలితే బూడిద మిగలాలి కదా? ఆ బూడిద ఎక్కడికి పోతుందో ఏ షీటు మీదా ఉండదు. పరీక్షలో మనం గీసే డయాగ్రమ్‌లో కూడా ఉండదు, దానికి మార్కులు లేవు. ప్లాంటుకు ఎడ్యుకేషనల్ ట్రిప్ వెళ్లినా మామూలుగా అందరూ చూడాలనుకునేది టర్బైన్, కంట్రోల్ రూమ్. ఆ తర్వాత సమోసా, గ్రూప్ ఫోటో. నా అభిప్రాయం ఏమిటంటే, బూడిద చెరువు దాకా వెళ్లని ట్రిప్‌లో ప్లాంటును సగమే చూసినట్టు. ఆ మిగతా సగం అందరికంటే ముందు చూడవలసింది మనలాంటి పిల్లలమే.

మనలాంటి అని ఎందుకంటున్నానో చెప్తాను. మా నాన్న సీఐఎస్ఎఫ్‌లో పనిచేస్తారు. మీ నాన్నో అమ్మో రైల్వేలోనో, బ్యాంకులోనో, ప్లాంటులోనే ఇంజనీరుగానో ఉండొచ్చు. ఎవరైనా కథ ఒకటే. మనకు ఊరంటే మూడేళ్లు, మహా అయితే ఐదేళ్లు. "మీది ఏ ఊరు?" అని అడిగితే జవాబు చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. అందులోనూ నా బోటివాళ్లు పెరిగేదంతా పెద్ద పెద్ద ఫ్యాక్టరీల పక్కన ఉన్న టౌన్‌షిప్పుల్లో. అక్కడ రోడ్లకు ఇరువైపులా చెట్లుంటాయి, నీళ్లు టైముకి వస్తాయి, కరెంటు పోదు. కరెంటు పోవడం అంటే ఏమిటో నాకు వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళ్తేనే గుర్తొస్తుంది. ఆ కరెంటు పుట్టేచోటికి కిలోమీటరు దూరంలో పడుకుని లేస్తూ, దాని లోపల ఏం జరుగుతుందో చూడకుండానే ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ పట్టుకుని ఇంకో ఊరికి వెళ్లిపోతాం.

ఈ ఏడాది మా పదకొండో తరగతి వాళ్లని రామగుండం థర్మల్ పవర్ స్టేషన్‌కు తీసుకెళ్లారు. మా ఫిజిక్స్ సార్ ముందుగానే అడిగి పెట్టడం వల్ల చివర్లో బూడిద చెరువు కట్ట మీదికి కూడా వెళ్లాం. చూసింది చూసినట్టు ముందు రాస్తాను, ఎందుకంటే లోపల జరిగేది తెలియకపోతే బయట మిగిలేది ఎందుకంత ఉంటుందో అర్థం కాదు.

రామగుండంలో ఎన్టీపీసీకి ఏడు యూనిట్లున్నాయి. మూడు 200 మెగావాట్లవి, నాలుగు 500 మెగావాట్లవి, మొత్తం 2600. మొదటి యూనిట్ 1983లో మొదలైంది, అంటే మా నాన్న వయసుకు దగ్గర. పక్కనే తెలంగాణ ప్రాజెక్టు పేరుతో ఈమధ్యే వచ్చిన 800 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. ప్లాంటు ఇక్కడే ఎందుకు పెట్టారన్న ప్రశ్నకు జవాబు చుట్టూ చూస్తే దొరుకుతుంది. పక్కన సింగరేణి బొగ్గు, పక్కన గోదావరి. బొగ్గు, నీళ్లు రెండూ దగ్గర్లో ఉన్న చోటు దొరకడం ఈ వ్యాపారంలో అదృష్టం.

గని నుంచి బొగ్గు సొంత రైలు పట్టాల మీద వస్తుంది. దీన్ని మెర్రీ గో రౌండ్ అంటారు, జాతరలో రంగులరాట్నం లాగా రైలు గనికీ ప్లాంటుకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. వ్యాగన్ల అడుగున తలుపులుంటాయి. కింద పెద్ద గొయ్యి మీదుగా రైలు వెళ్తుంటే ఆ తలుపులు తెరుచుకుని బొగ్గు జారిపోతుంది. పారతో దించాల్సిన పని లేదు. అక్కడి నుంచి కన్వేయర్ బెల్టు, క్రషర్. క్రషర్ బొగ్గును ఉసిరికాయ సైజుకు పగలగొడుతుంది. బెల్టు పక్కన నడిచిన పది నిమిషాల్లో మా తెల్ల చొక్కాల కాలర్లు రంగు మారాయి. ఆ షెడ్డులో రోజంతా పనిచేసే ఒకాయన ముక్కుకు తువ్వాలు కట్టుకుని మాకు దారి చూపించారు.

పగిలిన బొగ్గును మిల్లులో పిండి చేస్తారు. పిండి అంటే నిజంగా పిండే. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉంటుంది. ఎందుకింత శ్రమ? కట్టెల పొయ్యి వెలిగించిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే. దుంగ కంటే పుల్ల తొందరగా అంటుకుంటుంది, పుల్ల కంటే రంపపు పొట్టు. ముక్క ఎంత చిన్నదైతే గాలి తగిలే ఉపరితలం అంత ఎక్కువ. మెత్తటి బొగ్గుపొడిని వేడిగాలితో కలిపి బాయిలర్‌లోకి ఊదుతారు, అది గ్యాస్ లాగా మండుతుంది. చల్లబడి ఉన్న బాయిలర్‌ను మొదలుపెట్టేటప్పుడు మాత్రం ముందు నూనె మండిస్తారు. కుంపటి రాజెయ్యడానికి కాస్త కిరసనాయిలు చల్లినట్టు.

బాయిలర్ అనగానే మనకు గుర్తొచ్చేది ప్రెషర్ కుక్కర్. ఈ బాయిలర్ ఇరవై అంతస్తుల మేడకు తక్కువ ఉండదు. అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపరిచింది, అది నేల మీద నిలబడి లేదు, పైనుంచి వేలాడుతోంది. వేడెక్కితే ఇనుము సాగుతుంది కదా, అంత ఎత్తు బాయిలర్ కింద గట్టిగా బిగించి ఉంటే సాగడానికి చోటు లేక వంగిపోతుంది. అందుకే పైన స్తంభాలకు వేలాడదీసి కిందికి సాగడానికి ఖాళీ వదిలారు. పక్కన ఒక చిన్న కిటికీ ఉంది. నీలిరంగు అద్దం అడ్డుపెట్టి ఒక్కొక్కరినీ చూడనిచ్చారు. లోపల వెయ్యి డిగ్రీలు దాటిన మంట. మంట అన్న మాట కూడా సరిపోదు, నాలుకలూ కొసలూ ఏమీ లేవు, లోపలంతా వెలుగుతోన్న గది. గోడలంతా గొట్టాలు, గొట్టాల్లో నీళ్లు.

ఆ నీళ్లు ఆవిరై, ఇంకా వేడెక్కి, సుమారు 540 డిగ్రీల వేడితో, మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి నూటయాభై రెట్లకు పైన ఒత్తిడితో టర్బైన్ మీదికి వస్తుంది. ఈ ఆవిరి కంటికి కనపడదు. ఇడ్లీ పాత్ర మూత తీస్తే తెల్లగా కనిపించేది నిజానికి ఆవిరి కాదు, చల్లబడి బిందువులైన నీళ్లు. కనపడని ఆవిరి టర్బైన్ రెక్కలను నిమిషానికి 3000 సార్లు తిప్పుతుంది. టర్బైన్‌తో పాటే జనరేటర్ తిరుగుతుంది. జనరేటర్ వేడెక్కకుండా లోపల హైడ్రోజన్ వాయువు నింపుతారు. గాలి కంటే పద్నాలుగో వంతు బరువు కాబట్టి తిరిగేదానికి అడ్డు తక్కువ, వేడిని లాక్కునే గుణం ఎక్కువ. మండే వాయువును చల్లదనానికి వాడటం అనేది నాకు కెమిస్ట్రీ పుస్తకంలో ఎక్కడా కనపడలేదు.

టర్బైన్ హాలులో నేల సన్నగా వణుకుతూ ఉంటుంది. అరికాళ్ల నుంచి పళ్లదాకా తెలుస్తుంది. ఒకరు చెప్పేది ఒకరికి వినపడదు. మా ఇంజనీర్ సార్ చేతి మీద 3000 అని రాసి, దాన్ని 60తో భాగించి, 50 అని చూపించారు. సెకనుకు 50 సార్లు. మన ఇళ్లలో ఫ్యాను మీద, మిక్సీ మీద రాసి ఉండే 50 హెర్ట్జ్ అంటే ఇదే. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది గ్రిడ్డును మిగతా దేశంతో కలిపారు. అప్పటినుంచి రామగుండంలో తిరిగే జనరేటర్, సింగ్రౌలిలో తిరిగేది, కోర్బాలో తిరిగేది, అన్నీ ఒకే తాళంలో నడవాలి. ఒకటి తడబడితే మిగతావి పట్టుకోవాలి. నాలుగు రాష్ట్రాల్లో చదివి నాలుగుసార్లు కొత్త స్నేహితుల్ని వెతుక్కున్న నాకు ఈ సంగతి ఎందుకో బాగా నచ్చింది. నాన్నకు ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ అయినా మారనిది యూనిఫారం ఒక్కటే అనుకునేదాకా వచ్చాను, ఇంకొకటి కూడా ఉంది.

కంట్రోల్ రూమ్ గురించి ఎక్కువ రాయను. చల్లగా ఉంటుంది, స్క్రీన్లుంటాయి, అందరికీ అక్కడే ఉద్యోగం చేయాలనిపిస్తుంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోదగ్గది. గ్రిడ్డులో కరెంటు నిలవ ఉండదు. దేశంలో ఈ క్షణం ఎంత వాడుతున్నారో ఈ క్షణం అంతే తయారు కావాలి. సాయంత్రం అందరూ ఒకేసారి లైట్లు వేస్తే ఆ బరువు టర్బైన్‌కు తెలుస్తుంది, వేగం ఒక వెంట్రుక వాసి తగ్గబోతుంది, వెంటనే ఇంకాస్త ఆవిరి వదలాలి. ఆ ఆవిరి కోసం ఇంకాస్త బొగ్గు వెయ్యాలి. మనం స్విచ్ వేయడానికీ, అక్కడ బొగ్గు కాలడానికీ మధ్య దూరం అంతే.

ఇక లెక్కకు వద్దాం. బొగ్గులో ఉన్న శక్తిలో కరెంటుగా మారేది ఎంత? ఇలాంటి యూనిట్లలో మూడింట ఒక వంతు, లేదా దానికి కొంచెం పైన. మా తరగతిలో కార్నో ఇంజన్ పాఠం అప్పుడే అయింది. 540 డిగ్రీలను కెల్విన్లలోకి మార్చితే 813, చల్లబడే చోటు 40 డిగ్రీలనుకుంటే 313. సూత్రంలో వేస్తే ఏ లోపమూ లేని ఊహా యంత్రానికి కూడా 62 శాతం దాటదు. నిజమైన యంత్రంలో రాపిడి, చిమ్నీలో పోయే వేడి, సొంత ఫ్యాన్లకూ పంపులకూ వాడుకునే కరెంటు అన్నీ పోగా మిగిలేది ఇంతే. పోయిన దాంట్లో ఎక్కువ భాగం ఆవిరిని మళ్లీ నీళ్లుగా మార్చేచోట చల్లటి నీళ్లలోకి పోతుంది. మూడు బొగ్గు రైళ్లు వస్తే దాదాపు రెండు రైళ్లు ఊరికే నీళ్లనూ గాలినీ వేడిచేయడానికి వచ్చినట్టు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్రకృతి నియమం కొంత, యంత్రాల పరిమితి కొంత. కానీ ఇది తెలిశాక ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును చూస్తే ఇంతకుముందులా అనిపించదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. విశాఖపట్నం దగ్గర సింహాద్రి ప్లాంటు మీదుగా వెళ్లినవాళ్లు డమరుకం ఆకారంలో ఉన్న బ్రహ్మాండమైన టవర్లు చూసి ఉంటారు. పైన తెల్లగా మేఘంలా లేస్తుంది. కాలుష్యం గురించి వార్త రాసినప్పుడల్లా అలాంటి టవర్ల ఫోటోనే వేస్తారు. అది పొగ కాదు, నీటి ఆవిరి. సింహాద్రిలో సముద్రపు నీటిని అలా చల్లబరుస్తారు. పొగ వచ్చేది సన్నగా పొడుగ్గా ఉండే చిమ్నీ నుంచి. 500 మెగావాట్ల యూనిట్ల చిమ్నీలు 275 మీటర్ల ఎత్తు, అంటే కుతుబ్ మీనార్లు దాదాపు నాలుగు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. తమాషా ఏమిటంటే ఆ చిమ్నీ నుంచి చాలాసార్లు ఏమీ వస్తున్నట్టే ఉండదు. ఎక్కువ హాని చేసేవి కార్బన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్. అవి కంటికి కనపడవు. కనిపించేది హాని చేయదు, హాని చేసేది కనపడదు. మన మోడల్లో దూది పెట్టడంతో ఈ విషయం అసలు తెలియకుండా పోతుంది.

మరి చిమ్నీ అంత శుభ్రంగా ఎందుకు కనిపిస్తుంది? పొగలోని బూడిదను దారిలోనే పట్టేస్తారు కాబట్టి. పొడి జుట్టు దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకోవడం చిన్నప్పుడు అందరం చేశాం. అదే సూత్రం. పొగ వెళ్లే దారిలో వేల వోల్టుల కరెంటున్న తీగలు, వాటి పక్కన ఇనుప పలకలు. బూడిద రేణువులు విద్యుదావేశం పట్టుకుని పలకలకు అతుక్కుంటాయి. సుత్తులు పలకల మీద కొడితే కిందికి రాలుతాయి. నూటికి తొంభై తొమ్మిది వంతులకు పైగా ఇలా పట్టుబడుతుంది. గొప్ప ఏర్పాటే. కానీ పట్టుకున్నంత మాత్రాన బూడిద మాయం కాదు. ఆకాశంలోకి పోవలసింది నేల మీదికి వచ్చింది, అంతే.

ఎంత వచ్చింది? మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ, నూటికి 30 నుంచి 45 వంతుల దాకా ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావాలి. మా క్వార్టర్‌లో నెలకు 200 యూనిట్లు అవుతాయి. అంటే నెలకు 140 కిలోల బొగ్గు, దాని నుంచి సుమారు 50 కిలోల బూడిద. మా ఇంట్లో నెలకు ఒక పాతిక కిలోల బియ్యం బస్తా వస్తుంది. మేం నలుగురం తినేది ఒక బస్తా, మేం వెలిగించుకున్న కరెంటుకు మిగిలేది అలాంటివి రెండు బస్తాల బూడిద. ఈ లెక్క అమ్మకు చెప్తే, "ఆ బస్తాలు నెలనెలా గుమ్మం ముందు దింపి పోతే అప్పుడు ఆరిపేవాళ్లురా లైట్లు" అంది. 500 మెగావాట్ల యూనిట్ ఒక్కటి పూర్తిగా నడిస్తే గంటకు మూడు వందల టన్నులకు పైగా బొగ్గు తింటుంది. అందులో వంద టన్నులకు పైగా బూడిద. గంటకు.

గుమ్మం ముందు దింపరు కాబట్టి మనకు తెలియదు. అమ్మకానికి పోగా మిగిలినదాన్ని నీళ్లలో కలిపి, గొట్టాల్లో తోసి, కట్టలు కట్టిన పెద్ద స్థలంలో వదులుతారు. బూడిద అడుగుకు దిగుతుంది, నీళ్లు పైకి తేలతాయి. దాన్నే బూడిద చెరువు అంటారు. తెలంగాణలో చెరువంటే బతుకమ్మను సాగనంపే చోటు, గేదెలు మునిగే చోటు, గట్టు మీద ఊరంతా కూర్చునే చోటు. ఆ మాటే దీనికీ పెట్టారు.

కట్ట ఎక్కి చూస్తే ఒకవైపు పొలాలు, చెట్లు, ఒక ఊరి ఇళ్లు. ఇంకోవైపు బూడిదరంగు తప్ప ఏమీ లేదు. కొంత మేర నీళ్లు, కొంత మేర తడి, కొంత మేర ఎండి నెర్రెలిచ్చింది. పొడి లేవకుండా స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లుతున్నారు, అంచుల్లో మొక్కలు నాటారు. టర్బైన్ హాలులో అంత చప్పుడు విని వచ్చాక ఇక్కడ గొట్టం చివర నుంచి నీళ్లు పడే శబ్దం ఒక్కటే. మా వాడొకడు సెల్ఫీ కోసం కిందికి దిగబోతే అక్కడ పనిచేస్తున్న పెద్దాయన ఆపారు. "నేల లెక్కనే కనవడ్తది గని నేల కాదు బిడ్డా, కాలు వెట్టకు" అన్నారు. ఆయనది ఆ చుట్టుపక్కల ఊరే. కాంట్రాక్టు మీద పనిచేస్తారు. ఆయనకు ట్రాన్స్‌ఫర్ ఉండదు.

నేను చెప్పదలుచుకున్నది అక్కడే ఉంది. రామగుండంలో తయారైన కరెంటు తెలంగాణ, ఆంధ్రతో పాటు కర్ణాటకకూ తమిళనాడుకూ కేరళకూ వెళ్తుంది. బెంగళూరులో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో ఏసీ తిరిగేది కొంత ఇక్కడి బొగ్గుతో. కరెంటు తీగల మీద వెళ్లిపోతుంది. పొగ గాలిలో వెళ్లిపోతుంది. మూడేళ్లకో నాలుగేళ్లకో మనమూ ప్యాకర్స్ లారీలో సామాను వేసుకుని వెళ్లిపోతాం. వెళ్లనిది బూడిద, దాని పక్కన ఉండే మనుషులు. ఇంతకుముందు మేం ఉన్న ఒక ఊళ్లో, పేరు ఎందుకులే, నా పక్క బెంచీ అబ్బాయి వాళ్ల ఇల్లు అక్కడి ప్లాంటు బూడిద కట్టకు దగ్గర్లో ఉండేది. ఎండాకాలం గాలి లేస్తే వాళ్లమ్మ దండెం మీద బట్టలు పరుగున తీసేది. అన్నం గిన్నె మీద ఎప్పుడూ మూత ఉండేది. వాడి నోటుబుక్కుల అట్టల మీద వేలితో పేరు రాయొచ్చు. మేం ఆ ఊరు వదిలి వచ్చేశాం. వాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

ఇది బట్టల మురికితో ఆగే సంగతి కూడా కాదు. 2020 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి ప్రాంతంలో ఒక ప్లాంటు బూడిద చెరువు కట్ట తెగింది. బూడిద బురద పొలాల మీదికి వరదలా వచ్చి మనుషులు కొట్టుకుపోయి చనిపోయారు. మన స్కూళ్లు సింగ్రౌలి చుట్టుపక్కల కూడా ఉన్నాయి, మన స్నేహితులు కొందరు అక్కడి నుంచి వచ్చినవాళ్లే. ఆ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది మెగావాట్లే.

ప్లాంటును తిట్టడానికి ఇదంతా రాస్తున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్లు నన్ను సరిగ్గా చదవనట్టే. మా ఇంటి జీతం ఇలాంటి గేట్ల దగ్గర కాపలా కాయడం వల్లే వస్తుంది. దేశంలో తయారయ్యే కరెంటులో 70 శాతానికి పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే. రామగుండంలోనే రిజర్వాయరు నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది, 2022 జూలై నుంచి పూర్తిగా పనిచేస్తోంది. నీలంగా మెరిసే పలకలు నీళ్ల మీద పరుచుకుని ఉంటే చూడ్డానికి చాలా బాగుంటుంది. కానీ అది సూర్యుడున్నంతసేపే. మనం హోంవర్క్ చేసుకునే టైముకి అది నిద్రపోతుంది, టర్బైన్ మేల్కొని ఉంటుంది. రాత్రికి కరెంటు దాచుకునే ఏర్పాట్లు పెద్ద ఎత్తున వచ్చేదాకా బొగ్గు తప్పదు. 2070కల్లా నెట్ జీరో సాధిస్తామని 2021లో గ్లాస్గోలో మన దేశం ప్రకటించింది. అప్పటికి మనకు అరవై దాటుతుంది. అంటే మన ఉద్యోగ జీవితమంతా ఈ మార్పు మధ్యలోనే గడుస్తుంది, మనలో కొందరు ఆ ప్లాంట్లలోనే పనిచేస్తారు.

బూడిద విషయంలో పని జరగడం లేదనీ కాదు. 1999 నుంచే దీని మీద కేంద్ర ప్రభుత్వ నిబంధనలున్నాయి. 2021 డిసెంబర్ 31న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం వచ్చే బూడిదనంతా వాడుకలోకి తేవాలి, చెరువుల్లో ఏళ్ల తరబడి పేరుకున్న పాత బూడిదను కూడా తీసి వాడాలి. సిమెంటులో కలుపుతున్నారు, ఇటుకలు చేస్తున్నారు, రోడ్ల కింద పోస్తున్నారు, తవ్వేసిన గనులు నింపుతున్నారు. బూడిద ఇటుక చేతిలోకి తీసుకుంటే లేత సిమెంటు రంగులో, అంచులు పదునుగా ఉంటుంది. ఎర్ర ఇటుకకు పొలం పైమట్టి తవ్వాలి, దీనికి అక్కర్లేదు. ఇది నిజంగా మంచి పని. ఐతే ఎంత బూడిద ఇటుకైంది, ఎంత చెరువులో ఉంది అని అడిగేవాళ్లు ఉంటేనే ఆ పని వేగంగా సాగుతుంది. అడగాలంటే ముందు ఆ చెరువు ఉందని తెలియాలి.

దీనికి పెద్దవాళ్లు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. ఒకటి, భద్రత. పిల్లలను కట్ట మీదికి తీసుకెళ్తే జారిపడరా అని. టర్బైన్ హాలు, బాయిలర్ కిటికీ అంతకంటే ప్రమాదకరమైన చోట్లు. అక్కడికి హెల్మెట్ పెట్టి, వరుసలో నిలబెట్టి తీసుకెళ్తున్నాం కదా. కట్ట మీద రోడ్డు దాకా బస్సులో వెళ్లి, దిగకుండా చూసినా చాలు. రెండోది, టైము. ఒక్కపూటలో ఎన్ని చూపిస్తారని. దీనికి నా జవాబు కొంతమందికి నచ్చకపోవచ్చు. టైము చాలకపోతే కంట్రోల్ రూమ్ మానేద్దాం. స్క్రీన్లు మనకు కొత్త కాదు, బూడిద చెరువు కొత్త. అసలు నన్నడిగితే ట్రిప్‌ను తలకిందులు చేయాలి. ముందు కట్ట మీదికి తీసుకెళ్లి, "ఇంత బూడిద ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగి, ఆ గొట్టం పట్టుకుని వెనక్కి నడిపించాలి. పలకలు, బాయిలర్, మిల్లు, రైలు. చివరికి గని. అలా చూస్తే ప్రతి యంత్రం ఎందుకుందో దానంతట అదే తెలుస్తుంది.

మూడో అభ్యంతరం మన తోటి పిల్లలదే. "మేం ఎలాగూ వచ్చే ఏడు వెళ్లిపోతాం, మాకెందుకు?" అని. ఇది నిజాయితీగా అడిగిన ప్రశ్నే. కానీ ఆలోచించండి, కోర్బా నుంచి వచ్చినవాడు, తాల్చేరు నుంచి వచ్చినవాడు, రామగుండం వాడు ఒకే క్లాసులో కూర్చునే స్కూళ్లు మనవే. ఒక ఊరి పిల్లవాడికి తన ఊరి బూడిద చెరువు ఒక్కటే తెలుస్తుంది. అక్కడ మొక్కలు ఎలా పెంచారు, ఇక్కడ నీళ్లు ఎందుకు చల్లరు అని పక్కపక్కన పెట్టి చూడగలిగేది మనమే. ఏ ఊరూ మనది కాదని బాధపడే బదులు ఈ ఒక్క పనికైనా అది ఉపయోగపడుతుంది.

రామగుండంలోనే ఇంకో పాత థర్మల్ స్టేషన్ ఉండేది. 62.5 మెగావాట్లది, 1971లో మొదలై ఐదు దశాబ్దాలకు పైగా నడిచి 2024లో ఆగిపోయింది. అది తన కాలంలో ఎన్ని ఇళ్లకు వెలుగిచ్చిందో లెక్కలుంటాయి. ఆపేసిన ప్లాంటు బూడిదను ఎవరు చూసుకుంటారు, ఆ స్థలం మళ్లీ దేనికి పనికొస్తుంది అన్న ప్రశ్నలు ముందుముందు చాలా ఊళ్లలో వస్తాయి. అప్పుడు జవాబు చెప్పే వయసులో ఉండేది మనమే.

వచ్చే ఏడాది ట్రిప్‌కు వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. సింథటిక్ బట్టలు వద్దు, కాటన్ వేసుకోండి. బూట్లు ఉండాలి, చెప్పులతో లోపలికి రానివ్వరు. హెల్మెట్లు మన తలలకు పెద్దవిగా ఉంటాయి, పట్టీ బిగించుకోండి. మిల్లుల దగ్గరా టర్బైన్ దగ్గరా మాట వినపడదు కాబట్టి ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ కాగితంలో బూడిద చెరువు విస్తీర్ణం ఎంత, అది ఎన్నేళ్లలో నిండుతుంది, పోయిన ఏడాది వచ్చిన బూడిదలో ఎంత బయటికి వెళ్లింది అన్న మూడూ ఉండేలా చూడండి. అనుమతి కోసం స్కూలు నుంచి పంపే ఉత్తరంలోనే చెరువు దగ్గరికి కూడా వెళ్తామని రాయమని మీ సైన్స్ టీచర్‌ను అడగండి. ఆ రోజు గేటు దగ్గరికి వచ్చాక అడిగితే కుదరదు, అక్కడ డ్యూటీలో ఉండేది మా నాన్నే అయినా సరే.